పార్శిల్ మీద మీ పేరు రాయించుకోండి

ప్రశ్న: నాన్నగారు నా చిన్నప్పుడే పోయారు. అన్నయ్యే చదివించి, పెళ్ళి చేశారు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. పోలీసులు ఒకప్పుడు వాడిన, ఇప్పుడు తయారీ ఆగిపోయిన వాకీటాకీలు సేకరించడం నాకు ఇష్టం. ఇరవై మూడు సెట్లు అటక మీద దాచాను. అన్నయ్యకు తెలిస్తే కోప్పడతారని పార్శిళ్ళు నా భార్య పేరుతో తెప్పిస్తాను. పుట్టింటి వాళ్ళు పంపారని ఆమె చెబుతుంది. ఆరు నెలలుగా ఆమె నాతో ముభావంగా ఉంటోంది. ఈ సెట్లంటే విసుగు పుట్టిందేమో. అన్నీ అమ్మేయమంటారా? చాలాకాలంగా వెతుకుతున్న మోటరోలా హెచ్‌టీ-220 ఇప్పుడు దొరికింది. అదొక్కటి కొని ఆపేయనా?

జవాబు: అమ్ముకోవడం, కొనుక్కోవడం మీ ఇష్టం. అందులో నేను చెప్పేదేమీ లేదు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. ‘పుట్టింటి వాళ్ళు పంపారని ఆమె చెబుతుంది.’ ఎంత తేలిగ్గా రాశారండీ ఆ మాట!

ఇక్కడ కుదించి వేశాం కానీ, మీ అసలు ఉత్తరంలో రెండు విషయాలు ఉన్నాయి. అందరూ పడుకున్నాక మీరిద్దరూ కూర్చుని సెట్లు విప్పుతారని రాశారు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, లోపలి రేకుల మీద తెల్లగా పేరుకున్న పొరను ఆమె వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో కొంచెం కొంచెంగా తుడుస్తుందట. క్షారం విరగాలంటే ఆమ్లం కావాలని మీరే నేర్పారట. సెట్టు ఏ ఛానెల్‌లో పనిచేయాలో నిర్ణయించే చిన్న క్రిస్టల్ ముక్కల్లో ఏది ఏ ఛానెల్‌దో, అది మాట్లాడటానికో వినడానికో, చిన్న చిన్న కవర్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టింది కూడా ఆమేనట. ఇంత ఓపిగ్గా చేసే మనిషికి సెట్ల మీద విసుగు పుట్టిందని ఎలా అనుకున్నారు?

రెండోది ఆ కాగితం అడుగున రాశారు. ఒకరోజు పార్శిల్ రాగానే మీ వదినగారు, ‘మీ వాళ్ళకు డబ్బాలు పంపడం తప్ప వేరే పని లేదా?’ అన్నారు. మీరు పక్క గదిలోనే ఉన్నారు, బయటికి రాలేదు. ఆమె ముభావం సరిగ్గా అప్పటి నుంచే మొదలైందని మీరు రాసిన తేదీలే చెబుతున్నాయి. మీ సరదా కోసం ఆమె తల్లిదండ్రులు మాట పడ్డారు. ఆడపిల్ల తన మీద ఎన్ని మాటలు పడ్డా సర్దుకుంటుందేమో, పుట్టింటి వాళ్ళను అంటే మరిచిపోదు. పైగా అది వాళ్ళు చేయని పనికి పడిన మాట.

మీరు ఆలోచించని సంగతి ఇంకొకటి ఉంది. పోలీసు సెట్ల మీద చాలావాటికి శాఖ పేరు, వరుస నంబరు చెక్కి ఉంటాయి. అలాంటి సెట్టు కొన్నప్పుడు అది శాఖ వేలంలో బయటికి వచ్చినదేనని చూపే కాగితం అడిగి తీసుకోవాలి. అనుమతి లేకుండా పోలీసు ఫ్రీక్వెన్సీలో మాట్లాడటం ఎక్కడైనా నేరమే. సెట్టు దగ్గర ఉంచుకోవడానికే అనుమతి అడిగే దేశాలు కూడా ఉన్నాయి. మాట్లాడే మీట ఎప్పుడూ నొక్కనని రాశారు, మంచిది. కానీ రేపు ఎవరైనా వచ్చి ఇది ఎక్కడిదని అడిగితే రసీదు మీద ఉన్న పేరెవరిది? జవాబు చెప్పుకోవలసింది ఎవరు? ముందు మీ ప్రాంతపు నిబంధన తెలుసుకుని, కాగితాలన్నీ మీ పేరుకు మార్చుకోండి.

ఇక అన్నయ్యగారి సంగతి. తండ్రి తర్వాత తండ్రి అంతటివారు, కాదనను. ఆయన రుణం తీరేది కాదు. అయితే కృతజ్ఞత వేరు, భయం వేరు. సొంత సంపాదనతో కొన్న వస్తువును అటక మీద దాచి, భార్యను ముందుకు తోసి, దాన్ని పెద్దల మీద గౌరవం అనుకోవడం నాకు నచ్చలేదు. కోప్పడితే పడనివ్వండి. చదివించిన అన్న ఒక మాట అంటే తమ్ముడు వినలేడా?

ఈ ఆదివారమే పెట్టెలు దింపి ఆయన ముందు పెట్టండి. నాకు రెండు పేజీలు రాశారు చూడండి, అవే ఆయనకు చెప్పండి. 1928లో డెట్రాయిట్ పోలీసు కార్లలో రేడియో ఉన్నా వినడమే తప్ప బదులు పలికే వీలు లేదని, 1933లో అమెరికాలోనే బేయోన్ పట్టణంలో కారులోంచి తిరిగి మాట్లాడగలిగారని, 1969 నాటి హెచ్‌టీ-220లో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, అంటే చిన్న చిప్‌లు వాడి సెట్టును చేతిలో ఇమిడేలా చేశారని. అంత ఇష్టంగా మీరు మాట్లాడటం ఆయన ఎప్పుడూ విని ఉండరు.

ఆ తర్వాత వదినగారి వైపు తిరిగి, ‘ఆ డబ్బాలు వాళ్ళు పంపలేదు వదినా, నేనే తెప్పించాను, అలా చెప్పమన్నది కూడా నేనే’ అనండి. మీ భార్య వినేలా అనండి. గదిలోకి వెళ్ళాక ఆమెకు విడిగా చెప్పే క్షమాపణ దీనికి బదులు కాదు. ఆమె వెంటనే మామూలుగా మాట్లాడకపోయినా తొందరపెట్టకండి.

హెచ్‌టీ-220 కొంటే ఆ పార్శిల్ మీద మీ పేరే రాయించండి. అది వచ్చిన రోజు తలుపు కూడా మీరే తీయండి.