సగం నిజాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే వ్యోమగాములు గాల్లో తేలుతారని మా అబ్బాయి నోట్సులో రాసుకున్నాడు. కరెక్టేనా?

జవాబు: కాదండీ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది నేలకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులోనే. అక్కడ కూడా భూమి ఆకర్షణ ఇక్కడి దానిలో ఇంచుమించు 90 శాతం ఉంటుంది. ఆ ఆకర్షణే లేకపోతే కేంద్రం భూమి చుట్టూ తిరగదు, తిన్నగా తన దారిన తాను పోతుంది. మరి ఎందుకు తేలుతున్నారంటే, కేంద్రమూ అందులోని మనుషులూ సామానూ అన్నీ కలిసి ఒకే తీరుగా కింద పడుతూనే ఉన్నాయి కాబట్టి. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతుండటం వల్ల, ఎంత పడినా నేల మాత్రం తగలదు, భూమి గుండ్రంగా ఉంది కదా, వీళ్లు కిందికి దిగినంత మేరా అది కూడా వంగిపోతూ ఉంటుంది. తాడు తెగిన లిఫ్టులో మనిషికి కాళ్లు ఆననట్టే ఇదీ, కాకపోతే ఈ లిఫ్టు అడుక్కి చేరదు.

ప్రశ్న: ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిలయ్యాడట కదా? మార్కులు తగ్గినప్పుడల్లా మా తమ్ముడు ఇదే చెప్పి తప్పించుకుంటున్నాడు.

జవాబు: వేరే సాకు వెతుక్కోమనండి. ఈ పుకారు అచ్చయిన కాగితం 1935లో ఐన్‌స్టీన్‌కే చూపిస్తే, తాను లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదని, పదిహేనేళ్లు రాకముందే కాలిక్యులస్ నేర్చేసుకున్నానని చెప్పాడు. అయితే నిప్పు లేకుండా పొగ రాలేదు. 1895లో, మామూలుగా రాసే వయసుకన్నా రెండేళ్లు ముందే, జ్యూరిచ్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి నిజంగానే తప్పాడు. లెక్కలు, ఫిజిక్స్ బాగా రాశాడు, మిగతా సబ్జెక్టులు ముంచాయి. మరుసటి ఏడాది అరావ్ అనే స్విట్జర్లాండ్ ఊళ్లో స్కూలు చదువు పూర్తిచేసినప్పుడు ఆల్జీబ్రా, జామెట్రీ రెండింట్లోనూ 6కి 6, ఫ్రెంచ్‌లో 3. పరీక్ష తప్పాడన్నది నిజం, ‘లెక్కల్లో’ అన్నది జనం అతికించింది. ఎంతకీ చావని తప్పులు చాలావరకు ఇలాంటివే, పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టేసేవాళ్లు.

ప్రశ్న: ఎరుపు చూస్తే ఎద్దుకు కోపమా?

జవాబు: పాపం, దానికి ఎరుపు విడిగా తెలియనే తెలియదు. కళ్లముందు గుడ్డ ఊపుతుంటే మీద పడుతుంది, అది ఏ రంగైనా సరే.

ప్రశ్న: ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం ధ్రువతారేనా?

జవాబు: రాత్రి ఆకాశంలో ఫస్ట్ ర్యాంకు సిరియస్‌ది. ధ్రువతార దాదాపు 48వ స్థానంలో ఉంటుంది. దానికి పేరొచ్చింది వెలుగు వల్ల కాదు, కదలకపోవడం వల్ల: భూమి అక్షం ఇంచుమించు అటే చూస్తోంది కాబట్టి మిగతా చుక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఆ పదవైనా శాశ్వతం కాదు. అక్షం దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది, ఇంకో 12,000 ఏళ్లకు అటూఇటుగా అది వేగా అనే మరో నక్షత్రం దగ్గరికి చేరుతుంది.

ప్రశ్న: అతిపెద్ద ఎడారి సహారా అని క్విజ్‌లో రాస్తే తప్పన్నారు. అన్యాయం కాదా?

జవాబు: వాళ్లు దిద్దింది సరిగ్గానే. ఎడారికి ఎండ, ఇసుక ఉండి తీరాలని లేదు, వానా మంచూ బాగా తక్కువ పడితే చాలు. ఆ లెక్కన సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల అంటార్కిటికాయే పెద్దది, సహారా 90 లక్షల దగ్గర ఆగిపోతుంది. ప్రశ్నలో ‘వేడి ఎడారుల్లో’ అని ఉంటే మాత్రం ఆ మార్కు మీదే, ఒకసారి ప్రశ్నపత్రం తీసి చూడండి.