9900 అని రాసుంది, తూకం 29 గ్రాములు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కాశీనగర్ దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారు రాత్రిళ్ళు మొక్కజొన్న చేను కాపలాకి వెళ్తారు. పందుల బెడద ఎప్పుడూ ఉండేదే, ఒక్కోసారి ఏనుగులు కూడా దిగుతాయి. తలకి కట్టుకునే లైటులో బ్యాటరీ పోతే, 9900 ఎంఏహెచ్ (కరెంటు పట్టే సామర్థ్యం) అని ఉన్నవి రెండు, చార్జరుతో కలిపి 299 రూపాయలకి ఆన్‌లైన్‌లో తెప్పించాను. గంట కూడా వెలగడం లేదు. చార్జింగ్ మాత్రం రెండు గంటల్లోనే నిండి గ్రీన్ లైటు వచ్చేస్తోంది. మొన్న చార్జర్లోంచి తీయబోతే చెయ్యి చురుక్కుమంది. ఆయన మంచం పక్కనే చార్జింగ్ పెడతారు, నాకు టెన్షన్‌గా ఉంది. ఇవి వాడొచ్చా?
– ఒక కోడలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు లేచి ఆ చార్జరు ప్లగ్గు పీకేసి రండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తీసేశారు కదా. ఇప్పుడు చార్జరు వెనక్కి తిప్పి చూడండి. అవుట్‌పుట్ 500 ఎంఏ అని సన్నటి అక్షరాలు ఉండాలి, ఈ రకం చార్జర్ల మీద ఎక్కువగా ఉండే అంకె అదే. అంటే గంటకి మహా అయితే 500 ఎంఏహెచ్ లోపలికి వెళ్తుంది. రెండు గంటల్లో నిండిపోయిందంటే అందులో పట్టేది వెయ్యి, అంతకన్నా తక్కువే. నిజంగా 9900 అయితే దాదాపు ఇరవై గంటలు పట్టాలి. మీటరు లేకుండానే మీరు పరీక్ష చేసేశారు, లెక్క కట్టడమే మిగిలింది.

మీరు కొన్న సైజుని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీలు ఈ సైజులో చేసేవి చాలావరకు 2000 నుంచి 3500 ఎంఏహెచ్ మధ్యే ఉంటాయి. ఆ డబ్బాలో 9900 పట్టించే విద్య ఇంకా ఎవరికీ రాలేదు. అర లీటరు చెంబు మీద మూడు లీటర్లని రాసినంత మాత్రాన పాలు ఎక్కువ పడతాయా?

ఇంకో పరీక్ష ఉంది, ఇది నాకిష్టం. పర్లాకిమిడిలో నా కొట్టుకి ఆనుకుని బంగారం కొట్టు ఉంది. అనుమానం వచ్చిన ప్రతి సెల్లునీ వాళ్ళ కాటా మీద పెడతాను. అసలుది 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. 9900 అని ఎర్రక్షరాలున్నది ఒకటి 29 గ్రాములే తూగింది. కంసాలాయన కళ్ళద్దాలు పైకి తోసి, "ఇందులో తరుగెంత మాస్టారూ?" అన్నాడు. తరుగేమిటి, మూడో వంతు పైగా తరుగే! దాన్ని పూర్తిగా డిశ్చార్జి చేసి, పెరట్లో ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని కోసి చూశాను. లోపల నా చిటికెన వేలంత సెల్లు, దాని చుట్టూ తెల్లటి పొడి కూరి ఉంది. (మీరెవరూ కొయ్యకండి. నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న నాకే చేతులు వణికాయి.)

అయితే ఈ పొడి సెల్లు మోసం ఒక రకం, దానివల్ల పోయేది ఎక్కువగా డబ్బే. అసలు భయం రెండో రకంతో. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు తుక్కులో కొని, సెల్లులు విడదీసి, కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్ముతారు. ఇవి తూకానికి సరిపోతాయి, కాబట్టి కాటాకి దొరకవు. రెండు కొనల్లోనూ రేకు మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలున్నాయేమో వెలుతురులో చూడండి. ఉంటే అవి పాత వెల్డింగ్ గుర్తులు, ఆ సెల్లు ఇదివరకే ఒక కాపురం చేసి వచ్చిందన్నమాట.

లిథియం అయాన్ సెల్లులో రెండు పట్టీల మధ్య పలచటి పొర ఉంటుంది, అంతా ఒక ద్రవంలో నాని ఉంటుంది. ఆ ద్రవానికి మండే గుణం ఉంది. వాడి వాడి అరిగిన సెల్లులో ఆ పొర ఎక్కడైనా దెబ్బతింటే లోపలే షార్ట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడికి లోపల రసాయనాలు ఇంకా వేడి పుట్టిస్తాయి. ప్లగ్గు పీకినా ఇక ఆగదు. మంచి సెల్లుకి చార్జింగ్ 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. ఇలాంటి చార్జరొకటి నా మీటరు మీద 4.3 దాటించింది. అరిగిన సెల్లు, ఆగని చార్జరు రెండూ కలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఎలాగంటే, నేనూ అమ్మాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అందరూ చార్జింగ్ లైట్లే అడుగుతున్నారు. తెలిసీ తెలియక ఇలాంటి సెల్లులు ఇరవై తెప్పించి అమ్మేశాను. నెల తర్వాత ఒక పెద్దాయన కాలిన బొంత ముక్కా, కరిగిపోయిన చార్జరూ సంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట తిట్టలేదు. పక్క గదిలో పడుకోబట్టి బతికామన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మిగిలిన సెల్లులు కొన్నవాళ్ళని వెతుక్కుంటూ పాతపట్నం దాకా తిరిగి పదమూడు వెనక్కి తెచ్చుకున్నాను. ఇంకా ఆరు ఎక్కడున్నాయో.

ఇక మీ సంగతి. మీ రెండూ పారేయాల్సినవే. చెత్తలోనో పొయ్యిలోనో వేయొద్దు. రెండు కొనలకీ టేపు చుట్టి, పొడి ఇసుకున్న డబ్బాలో పెట్టి పర్లాకిమిడి వచ్చినప్పుడు నాకివ్వండి. పోస్టులో మాత్రం పంపకండి. కొత్తది కొనేటప్పుడు విడి సెల్లు కాకుండా, సెల్లు లోపలే అమర్చి కేబుల్‌తో చార్జయ్యే లైటు చూడండి. అసలు సెల్లు కంపెనీలే వీటిని చేతికి విడిగా అమ్మడానికి చేయలేదు, ప్యాకుల్లో బిగించడానికి చేస్తాయి. విడి 18650లు వాడొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021లో హెచ్చరించింది కూడా. మన దేశంలో ఈ బ్యాటరీలకి ఐఎస్ 16046 ప్రమాణం, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి భారత ప్రమాణాల సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఏ కంపెనీదో చెప్పేస్తుంది. అమ్మినవాళ్ళు డబ్బు వెనక్కివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

మావయ్యగారికి నా మాటగా చెప్పండి: చార్జింగ్ పగలే పెట్టాలి, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు, సిమెంటు గచ్చు మీద. పరుపులకీ గడ్డికీ దూరంగా. సెల్లుని తాళాలూ చిల్లరా ఉన్న జేబులో వేసుకోకూడదు.

ప్రశ్న: మా పవర్ బ్యాంకు ఉబ్బింది. పిన్నుతో గుచ్చి గాలి తీస్తే మళ్ళీ సర్దుకుంటుందని మా బావ అంటున్నాడు. నిజమేనా?
– రాయగడ నుంచి ఒక విద్యార్థి

జవాబు: గుచ్చొద్దు నాయనా, అది సైకిలు ట్యూబు కాదు. లోపలున్నది మండే వాయువు. పిన్ను దిగితే పొరలు కలిసి అక్కడికక్కడే మంట రావొచ్చు. చార్జింగ్ పెట్టకుండా బయట గచ్చు మీద ఉంచు. బుసకొట్టడం మొదలైతే చేత్తో పట్టుకోకుండా దూరం జరుగు, ఆ పొగ పీల్చొద్దు. మంట అంటుకుంటే దూరం నుంచి నీళ్ళు ధారాళంగా పోయొచ్చు. లిథియానికి నీళ్ళు తగిలితే పేలుతుందని మీ బావే మళ్ళీ అంటాడు చూడు. అది లిథియం లోహం సంగతి. ఈ బ్యాటరీకి కావలసింది చల్లబడటమే.