పడవ ఎవరిది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె అండి. కాలువల్లో గుర్రపుడెక్క తీసే కుర్రాళ్ళ బృందం మాది, రిజిస్ట్రేషన్ లేదు, ఓ పెద్ద సంస్థ కింద ప్రాజెక్టుగా నడుస్తున్నాం. విరాళాలు వాళ్ళ ఖాతాకే వెళ్తాయి, పది శాతం ఉంచుకుంటారు, లెక్క అడిగితే చూద్దాం అంటారు. ఇప్పుడు విడిగా వెళ్తామంటే పడవ కూడా మాదే అంటున్నారు. ఇది న్యాయమా?

జవాబు: నడుం లోతు నీళ్ళలో దిగి డెక్క లాగింది మీరే తమ్ముడూ, ఆ బాధ న్యాయమైందే. కానీ విరాళం రసీదు వాళ్ళ పేరున, పడవ బిల్లు వాళ్ళ పేరున, ఆడిట్ కూడా వాళ్ళదే అయితే కాగితం మీద అది వాళ్ళ ఆస్తే. పది శాతం నాకు తప్పనిపించట్లేదు, అకౌంటెంట్ జీతం ఎక్కడ్నుంచో రావాలిగా. లెక్క చూపించకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పు, మీ ప్రాజెక్టు జమాఖర్చులు నెలనెలా ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

ఇక విడిపోవాలంటే ముందు మీకంటూ రిజిస్టరైన సొసైటీ ఉండాలి, ఆంధ్రప్రదేశ్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం 7 మంది సభ్యులు కావాలి. ఆ తర్వాత వాళ్ళ కమిటీ తీర్మానం చేసి పడవని మీ సొసైటీకి రాసివ్వొచ్చు, కాకపోతే విదేశీ విరాళంతో కొన్నదైతే కష్టం, ఎందుకంటే విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఒక సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు. అందుకే ఏ డబ్బుతో కొన్నారో ముందు కనుక్కోండి.

ఉండిపోదాం అనుకుంటే మాత్రం బృందం పేరు ఎవరిది, ఖర్చు ఎవరు ఒప్పుకోవాలి, విడిపోతే మిగిలిన డబ్బేంటి, ఇవన్నీ ఒప్పందంలో రాయించుకోండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు కూర్చోండి.