సిగ్నల్ దగ్గర ఆగిన బ్లాకు

అబ్బాయ్,

చైనాలో షియామెన్ ఊరికి పోయొచ్చి నువ్వు రాసిన వ్యాసం రాత్రి చదివా, పొద్దున లేచి మళ్ళీ చదివా. పదకొండు పేజీల్లో తొమ్మిదో పేజీ చివర ఒక వాక్యం ఉంది చూడు, అక్కడికి దగ్గర్లో రాయి కోసే ఊరు షుయ్‌టౌలో ఫ్యాక్టరీకి పోతుంటే సిగ్నల్ దగ్గర కారు ఆగిందని, పక్కన ట్రైలర్ మీద నల్ల గ్రానైట్ బ్లాకు ఉందని, దాని మీద ఎర్ర పెయింటుతో మన క్వారీ మార్కు కనపడిందని. అంతే, వెంటనే "ఇక్కడి రోడ్లు ప్రపంచ స్థాయిలో ఉన్నాయి" అని మొదలుపెట్టి ముందుకెళ్ళిపోయావు. ఎట్టా వెళ్ళిపోయావయ్యా? చీమకుర్తి గుంటలో మీ నాన్న కొలతలు తీసి నంబరేసిన రాయి, ఓడెక్కి సముద్రం దాటి, ఎవరికీ తెలుగు రాని ఊళ్ళో నీ కిటికీ పక్కకొచ్చి నిలబడింది. నాకు అక్కడ గొంతు పట్టేసింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇక కోపం వచ్చిన సంగతి. "మన దగ్గర ఇలాంటివి ఎప్పుడొస్తాయో" అనే మాట పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటా లెక్కేశా, పద్నాలుగు సార్లు ఉంది. మెట్రో చూస్తే అదే, బస్సు చూస్తే అదే, ఫుట్‌పాత్ చూసినా అదే. పోలిక మొదలైన చోట కళ్ళు మూతపడతాయి, ఈ మాట నేను కనపడిన ప్రతి కుర్రాడికీ చెప్తా, వాళ్ళకి విసుగొచ్చినా చెప్తా. మెట్రో ఒకటో లైన్ సముద్రం పక్కనే పోతుంది, మనం ఊహించగలమా అని రాశావు. ఆ లైన్ 2017 డిసెంబర్ ఆఖర్లో మొదలైందని కూడా రాశావు. బాగానే ఉంది, కానీ గావ్‌చీ దాటి జీమెయ్ వైపు పోయేటప్పుడు కిటికీలో నీళ్ళు కనపడ్డాయా, ఆటు మీదుండి బురద బయటపడిందా? ఎదురు సీట్లో వాళ్ళు తలెత్తి చూశారా, ఫోన్లోనే ఉన్నారా? కొత్తపట్నం సముద్రం చూస్తా పెరిగినోడివి, ఆటుపోట్లు నీకు ఒకరు చెప్పాలా? నువ్వు చూసే ఉంటావు, పోలిక రాయాలనే తొందరలో వదిలేసి ఉంటావు.

నేను షియామెన్ పోయింది 2009 మార్చిలో, అక్కడి స్టోన్ ఫెయిర్‌కి, అంటే రాళ్ళ వ్యాపారుల ఎగ్జిబిషన్‌కి. అప్పుడు ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి, ఓనర్‌కి ఇన్‌వాయిస్‌లు చూసే మనిషి కావాలని తీసుకుపోయాడు. మెట్రో లేదు, బీఆర్‌టీ మాత్రం అంతకు ముందు సంవత్సరమే మొదలైంది. మామూలు బస్సే, కానీ ఫ్లైఓవర్ మీద దానికొక్కదానికే రోడ్డు, మెట్లెక్కి స్టేషన్‌లోకి పోవాలి. ఒకరోజు ఓనర్ మీటింగుల్లో ఉంటే జేబులో హోటల్ కార్డు పెట్టుకుని ఎక్కేశా. స్టాపు పేరు చైనీస్‌లో ఒకసారి, వాళ్ళ ఊరి మిన్నాన్ భాషలో ఇంకోసారి చెప్తున్నారు, నాకు రెండూ ఒకటే, వేళ్ళ మీద స్టాపులు లెక్కపెట్టుకుంటా కూర్చున్నా, లెక్క తప్పింది. దిగి ఒక పెద్దాయనకి కార్డు చూపించా. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివి, ఏం మాట్లాడకుండా నా మణికట్టు పట్టుకుని అవతలి ప్లాట్‌ఫామ్ దాకా నడిపించి, బస్సొచ్చిందాకా వదల్లేదు. డెబ్బై ఏళ్ళ చెయ్యి, గరుకుగా ఉంది, రాయి పనిచేసిన చెయ్యే అనిపించింది.

అది మూడు పేజీలు రాసి ఒక వారపత్రికకి పంపా. ఎడిటర్ ఫోన్ చేసి ఈ ముసలాయన ఎందుకండీ, షియామెన్ పక్కనున్న గులాంగ్‌యు దీవి గురించి రాయండి, అక్కడ కార్లు తిరగవంట కదా, పాఠకులకి అలాంటివి కావాలి అన్నాడు. నేను రాయనన్నా. వాళ్ళే పెద్దాయన్ని కొట్టేసి, "చూడదగ్గ ప్రదేశాలు" అని ఒక బాక్సు కట్టి, దాని కింద నా పేరేసి అచ్చేశారు. ఆ సంచిక మా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఇప్పుడా బాక్సులే రీల్సయ్యాయి, ఊరికి పది చోట్లు, చోటుకి ఐదు సెకన్లు. నీ వ్యాసంలో కూడా చివరి పేజీ ఆ బాక్సే, చించి అవతల పారెయ్.

నువ్వు ఫోన్లో చెప్పినవి కాగితం మీద ఎందుకు లేవు? డీడీ (అక్కడి ఊబర్ లాంటిది) కారెక్కగానే డ్రైవర్ ఏదో అడిగాడని, నీ ఫోన్ నంబర్లో చివరి నాలుగంకెలు అడుగుతున్నాడని మూడోసారికి గానీ అర్థం కాలేదని, ఎనిమిదికి నువ్వు రెండు చేతులూ ఎత్తితే ఆయన నవ్వి బొటనవేలూ చూపుడువేలూ చాపి వాళ్ళ ఎనిమిది చూపించాడని చెప్పావు. అది వింటా నేను ఇక్కడ వేళ్ళు చాపుకుని చూసుకున్నా. వ్యాసంలో మాత్రం "డీడీలో ప్రయాణం సౌకర్యంగా ఉంది" అని ఒక్క ముక్క. అక్కడ గూగుల్ మామూలుగా తెరుచుకోదని వీపీఎన్ అనే అడ్డదారి యాప్ పెట్టి గూగుల్ మ్యాప్ తెరిస్తే, చైనా తన మ్యాపులకి వేరే లెక్క వాడుతుంది కాబట్టి చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకి జరిగి కనపడిందన్నావు, నువ్వు హోటల్ ముందు నిలబడితే ఫోన్ నిన్ను ఇంకెక్కడో నిలబెట్టిందన్నావు. అదీ లేదు. వ్యాపారం మీద పోయినోడు తికమకపడ్డట్టు రాస్తే పరువు పోతుందనుకున్నావా? భాష రాని ఊళ్ళో తిరగడమంటే ఆ తికమకే కదయ్యా, అది తీసేస్తే నీ దగ్గర మిగిలేది కంపెనీ ట్రావెల్ రిపోర్టే.

షియామెన్‌లో సముద్రం కింద నుంచి పోయే షియాంగాన్ సొరంగం ఎన్ని కిలోమీటర్లో రాశావు. నేను పోయినప్పుడు అది లేదు, 2010లో తెరిచారు, మేము వంతెన మీదుగా చుట్టు తిరిగి షుయ్‌టౌ పోయాం. నెత్తిన సముద్రం పెట్టుకుని కార్లో పోతుంటే నీకేమనిపించిందో నాకు తెలవాలి, కిలోమీటర్లు నాకెందుకు.

ఏ పత్రికకి పంపాలి, ఫొటోలెన్ని పెట్టాలి, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని అడిగావు. అవి ఇప్పుడొద్దు.

సిగ్నల్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టు. కారు ఎంతసేపు ఆగింది, బ్లాకుని గొలుసులతో ఎట్టా కట్టారు, వానకి పెయింటు కారిందా, పచ్చ లైటు పడ్డాక ట్రైలర్ ఎటు తిరిగింది, డ్రైవర్‌కి అది మా ఊరి రాయని చెప్పాలని చూశావా, చెప్తే వేలితో చూపించావా ఫోన్లో టైపు చేశావా. నంబర్ గుర్తుంటే నంబరు కూడా రాయి. మీ నాన్నకి ఈ సంగతి చెప్పావో లేదో నువ్వెక్కడా రాయలేదు. చెప్పకపోతే ఇవాళే చెప్పు, ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాసి పంపు.

ఉంటా.