డిగ్రీ, ఎంబీఏ క్లాసుల్లో ఆటలు ఆడిస్తే నిజంగా చదువు వస్తుందా?

వస్తుంది, కానీ పాఠంలోని చిక్కే ఆటలోనూ ఉండి, ఆట అయ్యాక దాని మీద చర్చ జరిగితేనే. లెక్చర్‌లో విన్న సూత్రం నోట్సులోనే ఉండిపోతుంది. ఆటలో నిర్ణయం మనదే, దెబ్బా మనకే.

అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన ‘బీర్ గేమ్’ చూడండి. తిరుపతి క్లాసులో బీరెందుకు అనుకుంటే మామిడి జ్యూస్ పెట్టుకోండి, ఆటేం మారదు. ఒకరు తిరుపతిలో చిల్లర కొట్టు, ఒకరు హోల్‌సేలర్, ఒకరు డిస్ట్రిబ్యూటర్, ఒకరు చిత్తూరు ఫ్యాక్టరీ. మాట్లాడుకోకూడదు, ఆర్డరు చీటీలే పంపాలి. సరుకు చేరడానికి వారాలు పడుతుంది. గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8కి ఒక్కసారే పెరిగి అక్కడే ఆగుతుంది. అయినా టెన్షన్‌లో అందరూ ఆర్డర్లు పెంచుకుంటూ పోతారు. ముందు కొరత, తర్వాత గోడౌన్ నిండా సరుకు. గిరాకీ నిలకడగా లేదని కస్టమర్ మీదకు నెట్టేస్తారు కూడా! చివర్లో గిరాకీ అసలు లెక్క చూపించినప్పుడు ‘బుల్‌విప్ ఎఫెక్ట్’ (గిరాకీలో చిన్న మార్పు కొట్టు నుంచి ఫ్యాక్టరీ దాకా పోయేకొద్దీ ఆర్డర్లలో పెద్దదైపోవడం) అంటే ఏమిటో తెలిసొస్తుంది.

ఫోన్‌లో క్విజ్ పెట్టి పాయింట్లు, ర్యాంకులు ఇవ్వడమూ ఇదేనని చాలామంది పొరబడతారు. చదివింది గుర్తుందో లేదో చూడటానికి క్విజ్ బాగానే పనికొస్తుంది. నిర్ణయం తీసుకోవడం మాత్రం దానివల్ల రాదు.