మోనో నొక్కగానే గరగర మాయం.. ఎందుకని?

ప్రశ్న: మా ఊరు ఎఫ్ఎం స్టేషన్‌కు బాగా దూరం. రేడియోలో స్టీరియో పెడితే పాట వెనక ఒకటే గరగర. మోనోలోకి మార్చగానే శుభ్రంగా వినిపిస్తోంది. సెట్ పాడైందంటారా?

జవాబు: సెట్‌కేం కాలేదు, టెన్షన్ పడకండి. స్టీరియో అంటే ఎడమ, కుడి స్పీకర్లకు వేర్వేరు శబ్దం, మోనో అంటే రెండింటికీ ఒకటే శబ్దం. తిరకాసంతా స్టీరియోను పంపే పద్ధతిలో ఉంది.

1961లో అమెరికాలో ఈ పద్ధతికి అనుమతి దొరికేనాటికే చాలా ఇళ్లలో మోనో ఎఫ్ఎం సెట్లు ఉన్నాయి. కొత్త ప్రసారం వాటిలోనూ లోటు లేకుండా వినపడాలి. అందుకే ఎడమ, కుడి శబ్దాలను విడివిడిగా పంపరు. రెండూ కలిపిన మొత్తాన్ని 15 కిలోహెర్ట్జ్ (సెకనుకు 15 వేల కంపనాల ఫ్రీక్వెన్సీ) లోపు ఉంచి, ఎడమలోంచి కుడి తీసేయగా వచ్చిన తేడాను 23 నుంచి 53 కిలోహెర్ట్జ్ మధ్యకు ఎక్కిస్తారు. మోనో సెట్ మొత్తంతోనే సరిపెట్టుకుంటుంది. స్టీరియో సెట్ ఆ మొత్తానికి తేడాను కలిపితే కుడి కొట్టుకుపోయి ఎడమ మిగులుతుంది, తీసేస్తే కుడి మిగులుతుంది. స్కూల్లో చేసిన లెక్కే!

పైకెక్కించిన తేడాను కిందికి దించాలంటే సెట్‌కు సరిగ్గా 38 కిలోహెర్ట్జ్ తరంగం కావాలి. స్టేషన్ దాన్ని నేరుగా పంపదు. అందులో సగం, అంటే 19 దగ్గర సన్నటి పైలట్ టోన్ పంపుతుంది. 15కూ 23కూ మధ్య ఖాళీలో అదొక్కటే ఉంటుంది కాబట్టి సెట్ సులువుగా పట్టుకుని రెట్టింపు చేసుకుంటుంది. మీ రేడియో మీద వెలిగే స్టీరియో లైటుకు అర్థం ఈ టోన్ దొరికిందనే, అంతకుమించి ఏమీ లేదు. వార్తలు చదివే గొంతు రెండు వైపులా సమానం, తేడా సున్నా. అయినా లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇక గరగర సంగతి. ఎఫ్ఎంలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రొద కూడా పెరుగుతుంది. కిందనున్న మొత్తానికి కొంచెమే అంటుకుంటుంది, పైనున్న తేడాకు మాత్రం దండిగా పడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట స్టీరియోలో రొద మోనో కన్నా 20 డెసిబెల్స్ పైనే ఎక్కువ. వార్తలప్పుడైతే తేడా సున్నాయే కాబట్టి ఈ రొదను ఉత్తపుణ్యానికే వింటున్నారన్నమాట. మోనో నొక్కితే సెట్ ఆ తేడాను వదిలేస్తుంది, దాంతోపాటే రొదా పోతుంది. చాలా కారు రేడియోలు సిగ్నల్ తగ్గేకొద్దీ ఈ పని వాటంతటవే మెల్లమెల్లగా చేసేస్తాయి. ఊరు దాటాక పాట రెండు వైపుల నుంచీ ఒకేలా వినిపించేది అందుకే.

ముందు యాంటెనా పూర్తిగా లాగండి. ఈ బ్యాండ్‌కు 75 సెంటీమీటర్ల కడ్డీ చక్కగా సరిపోతుంది. సెట్‌ను కిటికీ దగ్గరికి మార్చి చూడండి. అప్పటికీ గరగర తగ్గకపోతే పాటలు కూడా మోనోలోనే వినండి. ఒక్క స్పీకరున్న సెట్ అయితే స్టీరియో బటన్‌తో మీకసలు పనే లేదు.