గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కదాన్నే స్లీపర్‌లో వెళ్తున్నాను, రాత్రంతా ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న చదివాను. డిసెంబర్‌లో నాంపల్లి నుంచి విశాఖకి గోదావరిలో స్లీపర్ టికెట్, బెర్తు నంబరు 32, తోడు ఎవరూ లేరు, ఇన్నేళ్లూ బస్సుల్లోనే తిరిగారు కాబట్టి రైల్లో రాత్రి గడపడం ఇదే మొదటిసారి. నిద్ర పడుతుందా, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి భయం ఏమైనా ఉందా, ఏసీ తీసుకుని ఉండాల్సిందా అని అడిగారు. నాకు ఉద్యోగం హైదరాబాద్‌లో, పుట్టిల్లు అనకాపల్లిలో. పండక్కీ పబ్బానికీ ఎక్కేది ఈ బండే, అందుకే కొంచెం ధైర్యంగా చెప్పగలను.

నిద్ర పడుతుంది. కాకపోతే విజయవాడ వచ్చేలోపే మీ పనులన్నీ తెమలాలి. బండి సాయంత్రం ఐదు దాటాక నాంపల్లిలో బయల్దేరుతుంది, రాత్రి పదకొండు ప్రాంతంలో విజయవాడ, తెల్లవారి ఆరు ప్రాంతంలో విశాఖ. ఖమ్మం దాకా బోగీ అంతా సంతలా ఉంటుంది. పది దాటాక చీకటి. తిండి, బాత్రూం, బ్యాగుకి తాళం, బెర్తు దగ్గర పేచీ ఏమైనా ఉంటే అది కూడా, లైట్లు ఉన్నప్పుడే చూసుకున్నవాళ్లు హాయిగా పడుకుంటారు. చీకట్లో ఫోన్ టార్చి వేసుకుని బ్యాగులో దుప్పటి కోసం వెతికేవాళ్లు తామూ పడుకోరు, పక్కవాళ్లనీ పడుకోనివ్వరు.

ముందు స్టేషన్ సంగతి. టికెట్ మీద 'హైదరాబాద్ డెక్కన్' అని ఉంటుంది, అంటే నాంపల్లే. క్యాబ్ డ్రైవర్‌కి మాత్రం నాంపల్లి స్టేషన్ అనే చెప్పండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బళ్లు అటు మారాయి కాబట్టి, మీరు ఏ రైలెక్కినా బయల్దేరే స్టేషన్ ఏదో టికెట్‌లో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. సికింద్రాబాద్ దగ్గర కదా అని అక్కడ ఎక్కుదాం అనుకోకండి. నాంపల్లిలో బండి ఖాళీగా ఉంటుంది, తీరిగ్గా ఎక్కి సామాను సర్దుకోవచ్చు. సికింద్రాబాద్‌లో తలుపు దగ్గరే యుద్ధం.

నంబరు చూసి బెర్తు ఏదో తెలుసుకోవడానికి చిన్న లెక్క ఉంది. ఎనిమిదితో భాగించండి. శేషం 1 గానీ 4 గానీ వస్తే లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 అయితే నడవాకి అటు పక్కన ఉండే సైడ్ లోయర్. శేషం ఏమీ మిగలకపోతే దాని పైన ఉండే సైడ్ అప్పర్. పాత బోగీల్లో 72 బెర్తులు, ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీల్లో 80 ఉంటాయి కానీ లెక్క రెండింట్లోనూ ఇదే. మీ 32 సైడ్ అప్పర్.

సైడ్ అప్పర్ అనగానే జనం మొహం ముడుచుకుంటారు. ఒంటరిగా వెళ్లే అమ్మాయికి నా ఓటు మాత్రం దానికే. లోయర్ బెర్తు వచ్చిందనుకోండి, "పెద్దావిడకి మోకాళ్ల నొప్పులమ్మా, కొంచెం మార్చుకుంటారా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కాదనలేం. మిడిల్ బెర్తు అయితే కింద కూర్చున్నవాళ్లు లేచేదాకా దాన్ని ఎత్తడానికే ఉండదు. సైడ్ అప్పర్ ఎవరికీ అడ్డం కాదు. మీకు నడుం వాల్చాలనిపిస్తే సాయంత్రం ఆరింటికే ఎక్కి పడుకోవచ్చు, అడిగే నాథుడు ఉండడు. ఎవరైనా మిమ్మల్ని పలకరించాలన్నా తలెత్తి చూడాలి.

దాని బాధలు దానికీ ఉన్నాయి. పైన బోగీ కప్పు వంపు తిరిగి ఉంటుంది, నిటారుగా కూర్చోవడం కుదరదు. రెండు వైపులా అడ్డం ఉంటుంది కాబట్టి పొడుగువాళ్లు మోకాళ్లు ముడుచుకునే పడుకోవాలి. అప్పర్ బెర్తులో అయితే కాళ్లు నడవాలోకి చాపుకోవచ్చు, ఆ దారిన వెళ్లేవాళ్ల తలకి తగులుతాయి, అది వేరే సంగతి. మీకు కిటికీ ఉండదు. ఛార్జింగ్ పాయింట్ చేతికి అందకపోవచ్చు. పైగా రాత్రి 11 నుంచి 5 వరకు ఆ పాయింట్లకి కరెంటు ఆపాలని 2021లో రైల్వేవాళ్లు నిర్ణయించారు కాబట్టి పవర్ బ్యాంకు పెట్టుకోండి. మెట్లెక్కేటప్పుడు చీర కంటే చుడీదార్ నయం. చెప్పులు కింద వదిలేస్తే పొద్దున్నకి ఒకటి మీ దగ్గరా రెండోది బాత్రూం దారిలోనూ దొరుకుతాయి. ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవడమే మేలు.

రాత్రి పది వరకు మీరు కింద సైడ్ లోయర్ మీద కూర్చోవచ్చు, అది మీ హక్కు. పది నుంచి పొద్దున ఆరు దాకా మాత్రం ఆ బెర్తు కిందివాళ్లదే. ఒక్కోసారి సైడ్ లోయర్‌లో ఇద్దరు ఆర్‌ఏసీ వాళ్లు ఉంటారు. ఒకే బెర్తు మీద ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని తెల్లవార్లూ కూర్చుంటారు పాపం. వాళ్లని చూశాక మీ సైడ్ అప్పర్ మీకు ముద్దొస్తుంది.

సికింద్రాబాద్‌లో రిజర్వేషన్ లేనివాళ్లు చాలామంది ఎక్కుతారు. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దిగేవాళ్లే ఎక్కువ. "కొంచెం జరుగు తల్లీ" అంటూ కూర్చుంటారు, ఇద్దరి సీట్లో నలుగురవుతారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది, నా సీటు పోయిందేమో అని. పోదు. ఖమ్మం వచ్చేసరికి బోగీ చాలావరకు పలచబడుతుంది. కాసేపు కూర్చునేవాళ్లతో గొడవ దేనికని నేను ఊరుకుంటాను. బెర్తు మీద ఎవరైనా పడుకుని ఉంటే మాత్రం వెంటనే లేపండి, "ఇది నా బెర్తండీ" అంటే చాలు, చాలామంది మారుమాట్లాడకుండా దిగిపోతారు. దిగకపోతే టీసీకి చెప్పండి. ఆయన ఆ పూట ఎలాగూ వస్తాడు, ఫోన్లో టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది. ఆధార్ ఫోటో గ్యాలరీలో ఉంది కదా అని కార్డు ఇంట్లో వదిలేయకండి.

వరంగల్ దాటాక బోగీలో వాసన మారుతుంది. ఒక్కో మూత తెరుచుకుంటుంది, పులిహోర, చపాతీ, ఆవకాయ, వేయించిన పల్లీల వాసన అన్నీ కలిసిపోతాయి. మీరూ అప్పుడే తినేయండి. ఇంటి నుంచి తెచ్చుకుంటే మంచిది, పులిహోర గానీ చపాతీలు గానీ, చారు, పప్పు లాంటి ఒలికేవి వద్దు. సైడ్ అప్పర్ మీద వంగి కూర్చుని సాంబారు కలుపుకోవడం సర్కస్ ఫీటు. ఆర్డర్ పెట్టుకుందాం అనుకుంటే ఖమ్మంలోపు అందేలా చూసుకోండి, విజయవాడ అని పెడితే పదకొండింటికి భోంచేయాలి. సమోసాలు, చాయ్ వస్తూనే ఉంటాయి. రైల్వేవాళ్ల మంచినీళ్లు 'రైల్ నీర్' లీటరు సీసా ధర 2025 సెప్టెంబర్ నుంచి 14 రూపాయలు. ఇరవై అడిగితే సీసా మీద ధర చూపించండి, చిల్లర లేదంటాడు, అందుకని చిల్లర మీరే పెట్టుకోండి.

చంటిపిల్లలున్న కుటుంబం పక్కన పడితే ఒక ముచ్చట చూస్తారు. రెండు బెర్తుల గొలుసులకి చీర కొంగులు ముడేసి ఉయ్యాల కట్టేస్తారు. బండి ఊపుకే పిల్లాడు పడుకుంటాడు, ఊపే పని లేదు. ఆ ఉయ్యాల కింద నుంచి వంగి దాటుకుంటూ టీసీ కూడా గొంతు తగ్గించి టికెట్లు అడగడం నేను చూశాను.

బాత్రూం గురించి దాపరికం లేకుండా చెప్తాను. నాంపల్లిలో శుభ్రంగా ఉంటుంది, తొమ్మిదింటికి పర్వాలేదు, తెల్లవారుజామున అయిదింటికి దేవుడే దిక్కు. పడుకునే ముందు ఒకసారి వెళ్లిరండి. మళ్లీ వెళ్లాల్సి వస్తే మూడు, మూడున్నర మంచి సమయం, క్యూ ఉండదు. టిష్యూలు, చిన్న సబ్బు, ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి. లోపలికి ఫోన్ వెనక జేబులో పెట్టుకుని వెళ్లొద్దు. ఆడవాళ్ల కోసం ఇంకో మాట, తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో ముందే చూసుకోండి, పడకపోతే ఎదురుగా ఉన్నదానికి మారండి.

సామాను విషయానికొస్తే, పెద్ద బ్యాగు కింద లోయర్ బెర్తు కింద పెట్టి గొలుసు, తాళం వేయండి. గొలుసు తగిలించడానికి బెర్తు కింద ఇనుప రింగులుంటాయి. స్లీపర్‌లో 40 కిలోల దాకా ఉచితం కానీ, మీ ఒక్కరూ మోయగలిగినంతే తెచ్చుకోండి. డబ్బు, ఫోన్, కార్డులు ఉన్న చిన్న బ్యాగు తల కిందే ఉండాలి, దిండు కూడా అదే అవుతుంది, స్లీపర్‌లో దిండూ దుప్పటీ ఇవ్వరు. మెడలో గొలుసు ఉంటే తీసి లోపల పెట్టేయండి. కిటికీ పక్కన పడుకునేవాళ్లకి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, స్టేషన్లలో షట్టర్ దించుకోవాలి. ఆ ఇనుప షట్టర్ కొక్కెం ఒక్కోసారి సరిగ్గా పట్టదు, దబ్బున పడుతుంది, దాని కింద వేళ్లు పెట్టకండి.

ఇక రాత్రి. పది దాటాక ఎవరో ఒకరు లైట్లు ఆర్పేస్తారు, చిన్న దీపం ఒక్కటి ఉంటుంది. మిడిల్ బెర్తుల గొలుసులు ఒకదాని తర్వాత ఒకటి టంగ్ టంగ్ మని పడతాయి. గురక పెట్టేవాడు ప్రతి బోగీలో ఒకడుంటాడు, అది రైల్వే శాఖ రిజర్వేషన్ కోటా అని మా నాన్న అంటుంటారు. విజయవాడలో బండి కాసేపు ఆగుతుంది, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, టీ కేకలు, లైట్లు మళ్లీ వెలుగుతాయి. మెలకువ వస్తుంది, కంగారు పడకండి. అక్కడి నుంచి రాజమండ్రి దాకా చాలామంది గాఢంగా పడుకుంటారు. నాకైతే మంచి నిద్ర పట్టేది ఏలూరు తర్వాతే.

రెండు ప్రాంతంలో చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారుతుంది, గుల్లగా, గట్టిగా. కొవ్వూరు దాటి గోదావరి మీదకి వచ్చారన్నమాట. ఆ వేళప్పుడు కూడా కింద ఎవరో ఒక పెద్దావిడ లేచి కిటికీ సందులోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకుంటుంది. మీకు సైడ్ అప్పర్ కాబట్టి నది కనిపించదు. చూడాలనుంటే దిగి ఎదుటి కిటికీ దగ్గర నిలబడండి, తలుపు దగ్గరికి మాత్రం వద్దు.

చలి సంగతి మర్చిపోయాను. డిసెంబర్ అంటే కిటికీలు మూసినా సందుల్లోంచి గాలి కొడుతుంది. శాలువా ఒకటి, పరుచుకోవడానికి పలచటి దుప్పటి ఒకటి, చెవులకి స్కార్ఫ్ చాలు. ఫ్యాన్ ఎవరైనా వేస్తే మొహమాటపడకుండా ఆపేయమనండి. ఎండాకాలంలో దీనికి పూర్తిగా రివర్స్. పాత బోగీలో ఫ్యాన్ స్విచ్ వేసినా తిరగకపోతే జాలీలోంచి దువ్వెన దూర్చి రెక్కని ఒక తోపు తోసేవాడొకడు ఎప్పుడూ తయారుగా ఉంటాడు.

ఆడవాళ్ల భద్రత గురించి నా అనుభవంలో చెప్పాలంటే, స్లీపర్ బోగీలో మనుషులు ఎక్కువ, అదే ధైర్యం. ఎక్కగానే పక్క కుటుంబంతో రెండు మాటలు కలపండి. "ఎక్కడిదాకా అమ్మా" అని వాళ్లే అడుగుతారు. నేను మాత్రం ఇల్లెక్కడ, ఎవరొస్తున్నారు అనే వివరాలు చెప్పను, "స్టేషన్‌కి మా అన్నయ్య వస్తున్నాడు" అనేస్తాను, ఉన్నా లేకపోయినా. ఒంటరిగా వెళ్లే మహిళల కోసం రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) 2020 నుంచి 'మేరీ సహేలీ' అని నడుపుతోంది, బండి బయల్దేరే చోట మహిళా సిబ్బంది వచ్చి పలకరించి వెళ్తుంటారు. ఏ ఇబ్బందైనా 139కి ఫోన్ చేయండి, బోగీ, బెర్తు నంబర్లు నోటికి వచ్చి ఉంటే పని త్వరగా అవుతుంది. ఇంకోసారి టికెట్ తీసేటప్పుడు లేడీస్ కోటా కూడా చూడండి, స్లీపర్‌లో ఆడవాళ్ల కోసం కొన్ని బెర్తులు విడిగా ఉంచుతారు.

దిగడం మీకు తేలిక, విశాఖ ఆఖరి స్టేషన్. నాలాగా అనకాపల్లిలో దిగేవాళ్లకే అసలు పరీక్ష, తెల్లారకముందే లేవాలి, అలారం మోగినా పక్కవాళ్లు తిట్టుకోకూడదు. విశాఖకి కాస్త ముందు వచ్చే దువ్వాడలో గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు వాళ్లు చాలామంది దిగుతారు. వాళ్ల సామాను చప్పుడుకి మీరూ లేస్తారు, అప్పుడే దువ్వెన, చెప్పులు బయటికి తీసుకుంటే సరిగ్గా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కోసారి బండి స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగుతుంది, కాబట్టి మిమ్మల్ని తీసుకెళ్లేవాళ్లని దువ్వాడ దాటాకే ఇంటి నుంచి బయల్దేరమనండి. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు వైపు వెళ్లాలంటే ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు, అంటే మెయిన్ గేటు నుంచి బయటికి రండి. జ్ఞానాపురం గేటు అటు పక్కది.

ఏసీ గురించి: థర్డ్ ఏసీకి స్లీపర్ కంటే రెండు రెట్ల పైనే అవుతుంది. దుప్పటి, దిండు ఇస్తారు, రిజర్వేషన్ లేనివాళ్ల రద్దీ బాగా తక్కువ, తలుపులు మూసి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే నేనే తీసుకోమంటాను, ఎండకి కాలిన కప్పు కింద పై బెర్తులో రాత్రి పదకొండు దాకా ఉడికిపోతాం. సంక్రాంతి ముందు రోజుల్లో అయితే ఏది దొరికితే అది. డిసెంబర్‌లో, అదీ సైడ్ అప్పర్ చేతిలో ఉండగా, ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు.